హైడ్రోప్లేన్ మోడల్ బోటు మొరాయిస్తే: లక్షణం, కారణం, మందు

పూర్తి వేగంలో ఉన్న హైడ్రోప్లేన్ (నీటిని తాకీ తాకనట్టు పరుగెత్తే పందెం బోటు) నీటిని మూడే చోట్ల తాకుతుంది: ముందు రెండు స్పాన్సన్లు (బోటుకి చెరో పక్కా పొడుచుకొచ్చే దిమ్మెలు), వెనక సగం మునిగిన ప్రొపెల్లర్. 1950 జూన్ 26న సియాటిల్‌లోని లేక్ వాషింగ్టన్ మీద స్లో-మో-షన్ 4 అనే బోటు గంటకు 160 మైళ్లు దాటి రికార్డు కొట్టింది ఇలా పరుగెత్తే. అలాంటి బోట్లనే ఎనిమిదో వంతు కొలతలో కట్టి ఇప్పటికీ అక్కడ పందేలు వేస్తారు. బోటు సతాయించగానే చాలామంది మోటారు మీద పడతారు. ముందు ఆ మూడు చోట్లూ చూడండి, మోటారు జోలికి ఆఖర్న వెళ్లొచ్చు.

ముక్కు లేచి వెనక్కి బోల్తా పడుతోంది

బోటు అడుగున దూరే గాలి బరువుని మించి ఎత్తేస్తోందన్నమాట. ఎదురుగాలి ఉన్న వైపే ఇది జరుగుతుంది కాబట్టి చాలామంది గాలిని తిడతారు. అసలు దోషం ఎక్కువగా స్ట్రట్‌లో ఉంటుంది. ప్రొపెల్లర్‌ని పట్టుకునే ఆ స్ట్రట్ మరీ పైకి బిగిస్తే బోటు వెనక భాగం నీళ్లలోకి కుంగి, ముక్కు దానంతటదే పైకి చూస్తుంది.

బోటుని చదునైన గాజు పలక మీద పెట్టి, స్పాన్సన్ల వెనక అంచులు, స్ట్రట్ అడుగు ఎంతెంత ఎత్తులో ఉన్నాయో కొలిచి రాసుకోండి. తర్వాత స్ట్రట్ అర మిల్లీమీటరు దించి నడపండి. చాలకపోతే స్ట్రట్ వెనక కొసని ఒక పిసరు కిందికి వంచితే ప్రొపెల్లర్ తోపు వెనక భాగాన్ని ఎత్తుతుంది. అదీ చాలకపోతే బ్యాటరీని ముందుకు జరపండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. మరీ ఎక్కువ దించినా కష్టమే, ముక్కు నీటికి అతుక్కుని వేగం చచ్చిపోతుంది.

నీటి మీద గెంతుతోంది

స్పాన్సన్ వెనక అంచుని గోటితో తడమండి. గోరు నున్నగా జారిపోయిందంటే అంచు గుండ్రబడిందన్నమాట. దళసరిగా పూసిన పెయింటు చేసే నిర్వాకం ఇది: నీరు అంచు దగ్గర తెగిపోకుండా వంపు పట్టుకుని పైకి పాకుతుంది. అంచుకి పలచగా ఎపాక్సీ పూసి, ఆరాక చదునైన చెక్కకి చుట్టిన ఎమెరీ పేపర్‌తో రుద్ది పదును తేవాలి. అంచు బాగానే ఉంటే స్ట్రట్ మరీ కిందికి ఉందేమో, ప్రొపెల్లర్ వెనక భాగాన్ని అతిగా ఎత్తేస్తోందేమో చూడాలి.

మలుపులో పక్కకి జారుతోంది, గిరగిరా తిరుగుతోంది

టర్న్ ఫిన్ (మలుపులో నీటిని పట్టుకునేలా స్పాన్సన్‌కి బిగించే రేకు) మొద్దుబారి ఉంటుంది, లేదా వదులై ఉంటుంది. వంగి ఉంటే స్కేలు ఆనించగానే తెలుస్తుంది. ముందు అంచు కత్తిలా ఉండాలి. అన్నట్టు, మనుషులెక్కి నడిపే అసలు బోట్లు ఎడమకి తిరుగుతాయి, వాటి ఫిన్ ఎడమ స్పాన్సన్‌కి ఉంటుంది. మోడల్ పందేలు సాధారణంగా గడియారం ముళ్ల దిశలో సాగుతాయి కనుక ఫిన్ కుడివైపు. ఫొటో చూసి అచ్చు దింపేవాళ్లు ఇక్కడే బోల్తా కొడతారు.

లేచి పరుగు అందుకోవడం లేదు

ప్రొపెల్లర్ అంచులు చూడండి. పదును పెట్టేటప్పుడు జాగ్రత్త: పందెం ప్రొపెల్లర్లు చాలావరకు బెరిలియం కాపర్‌వి, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మాస్క్ పెట్టుకుని, నీళ్లతో తడుపుతూనే రుద్దాలి.

రెండు చుట్లు కాగానే నీరసిస్తోంది, మోటారు కాలిపోతోంది

కూలింగ్ నీరు బయటికి చిమ్ముతోందా? లేకపోతే గొట్టంలో నాచో ఇసుకో అడ్డుపడింది, నోటితో ఊదితే పోతుంది. నీరు బాగానే వస్తుంటే ప్రొపెల్లర్ పెద్దదైంది. ఆక్టురా కంపెనీ ప్రొపెల్లర్ ఎక్స్450 అంటే వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిచ్ (లెక్క ప్రకారం ఒక్క చుట్టుకి ముందుకెళ్లే దూరం) దానికి 1.4 రెట్లు. ఒక సైజు దిగి ఎక్స్447 వేసి చూడండి. మోటారునీ ప్రొపెల్లర్‌నీ కలిపే వంగే కేబుల్, అంటే ఫ్లెక్స్ షాఫ్ట్ కూడా లాగి చూడాలి. గ్రీజు ఎండినా, స్ట్రట్‌కీ డ్రైవ్ డాగ్‌కీ (ప్రొపెల్లర్‌ని పట్టి తిప్పే బిళ్ల) మధ్య 3 మిల్లీమీటర్ల సందైనా లేకపోయినా అదే వేడి: బరువు పడినప్పుడు కేబుల్ మెలిపడి పొట్టిదవుతుంది, ఆ రెండూ ఒరుసుకుంటాయి.

దూరం పోయాక మాట వినడం లేదు

రిమోట్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని నీరు మింగేస్తుంది, కార్బన్ ఫైబర్ అడ్డుకుంటుంది. రిసీవర్ యాంటెన్నా కొసని చిన్న ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి డెక్ పైకి తేవాలి. తర్వాత బోటుని స్టాండు మీద పెట్టి, చేతులు ప్రొపెల్లర్‌కి దూరంగా ఉంచి, మోటారుని కొద్దిగా తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటారు వెంటనే ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోగానే మోటారుని ఆపే ఏర్పాటు) సరిచేసేదాకా ఆ బోటుని నీళ్లలో దించొద్దు.