కెర్నెల్ నంబర్‌ని నమ్మి డ్రైవర్ బిల్డ్ చేస్తున్నారా?

మొన్న శుక్రవారం రాయదుర్గంలో ఆఖరి మెట్రో పోయాక కూడా మా టీమ్‌లో ఎవరూ సీట్లోంచి లేవలేదు. కస్టమర్ రెడ్ హ్యాట్ లైనక్స్ 9 సర్వర్లకి అప్‌డేట్ వేశాడు, మా డ్రైవర్ (కెర్నెల్ లోపల కూర్చుని హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) బిల్డ్ ఆగిపోయింది. లాగ్‌లో క్లాస్_క్రియేట్ అనే కెర్నెల్ ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయని ఏడుపు. నడుస్తున్న కెర్నెల్ నంబర్ చెప్పే యూనేమ్ కమాండ్ కొడితే 5.14. "అది మారింది 6.4లో కదన్నా, ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు కొత్త కుర్రాడు.

వస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్లు పైకి 5.14 అనే పేరే ఉంచి, కొత్త కెర్నెల్‌లోని మార్పుల్ని లోపలికి తెచ్చిపెడతారు. లైనక్స్_వర్షన్_కోడ్ (కోడ్‌లో కెర్నెల్ నంబర్ చెప్పే మాక్రో) మీద ఇఫ్ రాసుకుని నిద్రపోయినవాళ్లని ఇదే ముంచుతుంది. నంబర్‌ని నమ్మకండి.

నిజానికి బిల్డ్ ఆగితే అదృష్టమే. 4.15లో టైమర్ కాల్‌బ్యాక్ (టైమ్ అవ్వగానే కెర్నెల్ పిలిచే మన ఫంక్షన్) మారింది: మనమిచ్చిన డేటా బదులు టైమర్ పాయింటరే చేతికొస్తుంది. ఎర్రర్ పోతే చాలని ఒకాయన టైప్‌కాస్ట్ (రకం సరిపోయిందనుకో అని కంపైలర్‌కి చెప్పడం) పెట్టాడు. బిల్డ్ పచ్చగా వచ్చింది. ఆ చిరునామానే మా డివైస్ స్ట్రక్చర్ అనుకుని కోడ్ రాసుకుంటూ పోయింది, మెషీన్ రోజుకో చోట పడిపోయేది. నాలుగు వారాలు పట్టింది దొరకడానికి. (2024 జులై 19న శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు గుర్తున్నాయా? అక్కడ విండోస్ కెర్నెల్‌లోని క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ 20 విలువలు అందితే 21వది చదవబోయి మెషీన్లని పడేసింది.)

బిల్డ్‌కి ముందు: నాలుగు లైన్ల టెస్ట్ ఫైలు రాసి టార్గెట్ కెర్నెల్ హెడర్ల మీద కంపైల్ చేయండి. కంపైల్ అయితే "ఇది ఉంది" అని ఒక హ్యావ్ మాక్రో పెట్టండి, కాకపోతే లేదు. జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్, ఎన్విడియా డ్రైవర్లు చేసేది ఇదే. తేడాలన్నీ ఒకే కంపాట్ హెడర్‌లో (తేడాల్ని సర్దే ఫైలు) పెట్టండి, అసలు డ్రైవర్ కోడ్‌లో ఇఫ్‌లు చల్లకండి.

బిల్డ్ చేసేటప్పుడు: మేక్‌ఫైల్‌లో యూనేమ్ రాసి వదిలేయకండి. డీకేఎంఎస్ (కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ బిల్డ్ చేసే టూల్) కొత్త కెర్నెల్‌కి కట్టమంటే మీ మేక్‌ఫైల్ అప్పుడు నడుస్తున్న పాతదానికి కట్టి ఇస్తుంది, రీబూట్ అయ్యాక మాడ్యూల్ (బిల్డ్ అయిన డ్రైవర్) ఎక్కదు.

ఇక మిగతావి వరసగా. "ఉబుంటు 22.04" అని టికెట్‌లో రాస్తే చాలదు, 5.15 ఉండొచ్చు, 6.8 ఉండొచ్చు, ఏదో అడగండి. పాత 4.4, 4.9 సిరీస్‌లలో మూడో అంకె 255 దాటాక వర్షన్ కోడ్‌లో అక్కడే ఆగిపోతుంది, పోల్చకండి. వార్నింగుల నోరు నొక్కకండి. ఫంక్షన్ పాయింటర్‌కి టైప్‌కాస్ట్ వద్దు. వద్దంటే వద్దు. ఐఓక్టల్ (అప్లికేషన్ డ్రైవర్‌తో మాట్లాడే కాల్) స్ట్రక్చర్‌లో లాంగ్ పెట్టకండి, 32 బిట్ అప్లికేషన్‌కి దాని సైజు వేరు. మాడ్యూల్ ఎక్కించే మాడ్‌ప్రోబ్ కమాండ్‌కి ఫోర్స్ కొట్టి ఎక్కించకండి. ఎక్కించింది దించి, మళ్లీ ఎక్కించి చూడండి. నంబర్‌ని నమ్మకండి. శుక్రవారం రిలీజ్ ఇవ్వకండి.