గ్యాస్ సూట్ పాఠాలు – 3: వేసుకోవడం, గాలి లెక్క, విప్పడం

మనం మంటల్లోకి వేసుకెళ్లే ఫైర్ కోటు గ్యాస్‌ను ఆపదు, గ్యాస్ లీకైన చోటికి ఒళ్లంతా మూసేసే గ్యాస్ సూట్ కావాలి. రెండో పాఠంలో చెప్పిందే, అయినా మళ్లీ చెబుతున్నా. కోటు మూడు పొరలూ మంటని, వేడిని, నీళ్లని ఆపడానికి చేసినవి. మెడ దగ్గర, మణికట్టు దగ్గర, నడుము దగ్గర సందులుంటాయి, అమ్మోనియాకి అవి చాలు. తడి ఎక్కడుంటే అక్కడ పట్టుకుంటుంది: కళ్లు, చంకలు, గజ్జలు. మన భీమవరం, నరసాపురం వైపు ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో కూలింగ్‌కి వాడేది ఎక్కువగా ఇదే కాబట్టి పాఠమంతా దీని మీదే.

ముందు జేబులు ఖాళీ చెయ్యండి. పెన్ను, తాళాలు, ఉంగరం, సూట్‌ని లోపలి నుంచి చింపేవి ఏవీ ఉండకూడదు. గడ్డం గీసుకోవాలి, రెండు రోజుల గడ్డమైనా సరే మాస్క్ అంచు కింద సందు పెడుతుంది. స్టూల్ మీద కూర్చుని కాళ్లు దూర్చండి, తర్వాత బీఏ సెట్టు (వీపున గాలి సిలిండర్, దానికి మాస్క్) తగిలించుకుని మాస్క్ పెట్టుకోండి. సిలిండర్ వాల్వు కట్టేసి మెల్లగా ఊపిరి లాగుతూ ఉంటే మాస్క్ మొహానికి అంటుకుపోవాలి. అంటుకోకపోతే వెళ్లకండి, అంతే. వాల్వు మళ్లీ పూర్తిగా తెరిచాక పక్కవాడు జిప్పు లాగుతాడు, అది మీ చేతికి అందదు.

జిప్పు పడ్డాక మీ ఊపిరి మీకే పెద్దగా వినిపిస్తుంది, అద్దం మసకబారుతుంది, ఏప్రిల్ ఉక్కలో అయిదు నిమిషాలకే చెమట బూట్లలోకి దిగుతుంది. గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూడాలంటే చెయ్యి స్లీవ్‌లోంచి లోపలికి లాక్కోవాలి. మొదటిసారి ఎవరికైనా టెన్షన్ పుడుతుంది, పుడితే ఊపిరి వేగం పెరుగుతుంది, గాలి తొందరగా అయిపోతుంది.

ఆ గాలి లెక్క నోటికి రావాలి. 6 లీటర్ల సిలిండర్, 300 బార్ ఒత్తిడి, అంటే దాదాపు 1800 లీటర్లు. చివరి 50 బార్ ముట్టుకోం కాబట్టి మిగిలేది 1500. బరువు పనిలో నిమిషానికి 60 లీటర్లు పీలిస్తే 25 నిమిషాలు. అందులో బయటికొచ్చాక కడిగించుకోవడానికి 10 తీసెయ్యండి. వెళ్లడానికి, లీకయ్యే వాల్వు కట్టడానికి, తిరిగి రావడానికి కలిపి మిగిలింది 15 నిమిషాలే. ఇద్దరు లోపలికి వెళ్తే ఇంకో ఇద్దరు సూట్లలో బయట సిద్ధంగా ఉండాలి.

ఈ సూట్ మంటకి కరిగిపోతుందని మర్చిపోకండి. మూసిన గదిలో అమ్మోనియా 15 శాతం దాటితే అంటుకోగలదు. ద్రవంగా కారుతుంటే మైనస్ 33 డిగ్రీలు, అది మీద పడితే సూట్ బిర్రబిగిసి పగులుతుంది. ఆ మడుగు మీద నీళ్లు కొట్టకండి, ఇంకా పొంగి ఆవిరవుతుంది. నీళ్లు తెల్లటి పొగ మీదికి, స్ప్రేగా మాత్రమే.

విప్పేటప్పుడే చాలామంది దెబ్బతింటారు, అలసిపోయి ఎప్పుడు పీకేద్దామా అని ఉంటారు కాబట్టి. మాస్క్ ఉండగానే తల నుంచి కిందికి కడిగించుకోండి. తర్వాత గ్లౌజులు వేసుకున్న మనిషి సూట్‌ని లోపలి వైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ దించుతాడు. మాస్క్ చిట్టచివర. కడిగిన నీళ్లు మాత్రం పంటకాలువలోకి పోనివ్వకండి, అమ్మోనియా చేపకీ రొయ్యకీ విషం, కింద ఎవరి చెరువు ఉందో ఏమో.

నాలుగో పాఠం క్లోరిన్. ఈలోపు స్టేషన్లో ఇద్దరు కలిసి, నీడలో, సూట్ వేసుకుని పావుగంట నడవండి. ముందూ తర్వాతా గేజ్ అంకెలు రాసుకోండి, వాటితోనే మొదలుపెడతాం.