సయాటికా నొప్పి నుంచి మెల్లగా బయటపడిన తీరు

ఒంగోలు నుంచి చీమకుర్తికి రోజూ మోటారు సైకిల్‌పై వెళ్లివచ్చే నాకు, నిరుడు వేసవిలో ఎడమ పిరుదులో మొదలైన నొప్పి తొడ వెనుక నుంచి పిక్క మీదుగా మడమ దాకా తీగ లాగినట్లు పాకేది. సయాటికా అన్నా, ఆయుర్వేదం గృధ్రసి అని పిలిచినా ఆ బాధ ఇదే. నడుము దగ్గర నరాల మూలాలపై ఒత్తిడి పడటం వల్లనే కాలు లాగుతోందని వైద్యుడు చెప్పారు.

అంతకుముందు తెలియక, కాళ్లు చాపి కూర్చొని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం వేసి బాధను పెంచుకున్నాను. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు నరంపై ఒత్తుతున్నప్పుడు అంతగా ముందుకు వంగకూడదు. నాకు మేలు చేసింది వేరు. వెల్లకిలా పడుకొని, ఎడమ చీలమండను కుడి మోకాలిపై ఆనించి, కుడి తొడను రెండు చేతులతో ఛాతీ వైపు మెల్లగా తెచ్చుకొని, ఊపిరి బిగపట్టకుండా 30 సెకన్లు నిలిపేవాణ్ణి. పిరుదు లోపల బిగుసుకున్న కండరం సడలడం నాలుగో రోజుకే తెలిసింది. తరువాత బోర్లా పడుకొని, మోచేతులపై ఆనుకొని ఛాతీ ఎత్తే తేలిక భుజంగాసనాన్ని, ఉదయపు నడకను చేర్చాను. ఆసనంలో నొప్పి కాలి నుంచి నడుము వైపు వెనక్కి వస్తే కొనసాగించాను. పాదం వైపు దిగితే వెంటనే ఆపాను.

పాదం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రంపై అదుపు పోయినా ఆసనాలతో కాలయాపన చేయక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరు వారాలకు బండి ఎక్కాను. ఇప్పటికీ దారిలో సంతనూతలపాడు దగ్గర ఆగి, పది నిమిషాలు నడిచి గాని ముందుకు సాగను.