వానపాముల డబ్బాలో ఏం వేయాలి, ఎలా మాగబెట్టి వేయాలి?

ఇంట్లో వర్మీ కంపోస్టు డబ్బా, అంటే వంటింటి వ్యర్థాలను వానపాములతో ఎరువుగా మార్చే డబ్బా, పెట్టుకున్నవారిలో చాలామంది మూడు నెలలు తిరగకముందే దాన్ని మూలన పడేస్తున్నారు. వానపాములు చచ్చిపోయాయని కొందరు, వాసన భరించలేకపోయామని కొందరు చెబుతారు. మూత తీసి చూస్తే కారణం కళ్లెదుటే ఉంటుంది: అడుగున పులిసిన అన్నం, పైన ఒకేసారి కుమ్మరించిన తొక్కలు, ఊపిరాడక గోడలెక్కిన వానపాములు. కుడితి తొట్టికి అలవాటుపడిన చేతులు చేసే పొరపాటిది. కుడితిలో ఏది పడినా గేదె తాగుతుంది గాని, వానపాముకు పళ్లు లేవు, చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, కుళ్లుతున్న పదార్థాన్ని దానిపై పెరిగే సూక్ష్మజీవులతో కలిపి మింగుతుంది. మేత ఎంచేటప్పుడు ఈ మూడు సంగతులూ గుర్తుంటే సగం తప్పులు జరగవు.

మొదటి మెట్టు: డబ్బా, పరుపు

మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు. పక్కలకూ అడుగుకూ సన్నని రంధ్రాలు వేసి, నీడలో, నీళ్లు పోసిన పళ్లాల్లో నిలిపిన ఇటుకల మీద పెడితే చీమలు ఎక్కవు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక రెండుసార్లు కడిగి పిండి, చింపిన న్యూస్‌పేపరు ముక్కలతోను, బాగా మాగిన పేడతోను కలిపి పరుపుగా వేయాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉండాలి. వానపాములు కొనేటప్పుడు ఐసీనియా ఫెటిడా జాతి గాని, యూడ్రిలస్ యూజీనియే జాతి గాని అడిగి తీసుకోవాలి. పొలంలో లోతుగా తవ్వితే దొరికేవి మట్టిలో బతికేవి, అవి డబ్బాలో ఇమడవు.

రెండో మెట్టు: కత్తిపీట దగ్గరే వేరు చేయడం

చెత్తబుట్టలో కలిసిపోయాక ఏరడం ఎవరివల్లా కాదు. కూరగాయలు తరిగేటప్పుడే పక్కన ఒక గిన్నె పెట్టుకుని, వానపాములకు పనికొచ్చేవి అందులోకి చేరేలా చూసుకోవాలి. సొరకాయ, బీరకాయ, దోసకాయ తొక్కలు, తోటకూర, పాలకూర కాడలు, క్యాబేజీ పై ఆకులు, అరటి, బొప్పాయి, పుచ్చకాయ తొక్కలు నిశ్చింతగా వేయవచ్చు. ఫిల్టర్ కాఫీ పిప్పి మంచిదే, కొద్దికొద్దిగానే వేయాలి. పాలు పోసి మరిగించిన టీ పిప్పిని మాత్రం జల్లెడలోనే నీళ్లతో బాగా కడిగి వేయాలి. కోడిగుడ్డు పెంకులను ఎండబెట్టి, రోట్లో మెత్తగా దంచి, వారానికి ఒక చెంచా చల్లాలి. పళ్లు లేని జీవికి కడుపులో మేత నలగడానికి ఆ పలుకు తోడ్పడుతుంది, పులుపునూ తగ్గిస్తుంది.

నిమ్మ, బత్తాయి, కమలా తొక్కలు వేయకూడదు, వాటిలోని నూనె వానపాములకు పడదు. ఉల్లి, వెల్లుల్లి పొట్టు, పచ్చిమిర్చి తొడిమలు, చింతపండు పిప్పి, మాంసం, చేపలు, పెరుగు, నూనె తగిలినవేవీ వేయకూడదు. కొద్దిగా ఉల్లిపొట్టు వేస్తే ఏమవుతుందని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ఆ పొట్టును మొక్కల కుండీలో కప్పండి, డబ్బాలోకి తేకండి. పూజలో పెట్టిన పూలు వేయవచ్చు, దారం తీసి, పసుపు, కుంకుమ అంటినవి ఏరివేసిన తరువాతే.

వండిన పదార్థాల సంగతి వేరుగా చెప్పాలి. తిరగమోత పెట్టిన పప్పులోను, మిగిలిన కూరలోను ఉప్పూ కారమూ నూనే మూడూ ఉంటాయి. ఎప్పుడూ తడిగా ఉండే వానపాము చర్మానికి ఉప్పు తగిలితే దాని ఒంట్లోని నీరు బయటకు లాగేస్తుంది. ఊరగాయ జాడీ కడిగిన నీళ్లు ఒక గ్లాసెడు చాలు, ఒక మూల వానపాములన్నీ పోవడానికి. ఉప్పు లేని తెల్లన్నమైనా ముద్దగా పడితే పులిసి, వేడెక్కి, పురుగులను పిలుస్తుంది. దాన్ని కాకులకు పెట్టండి.

మూడో మెట్టు: మాగబెట్టడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. పచ్చి తొక్కను తెచ్చి నేరుగా డబ్బాలో వేసినప్పుడు వానపాము దాని దగ్గరికి వెంటనే రాదు. ముందు సూక్ష్మజీవులు దాన్ని మెత్తబరచాలి, ఆ మెత్తబడే రోజుల్లోనే పదార్థం వేడెక్కుతుంది. కొద్దిగా వేసినప్పుడు ఆ వేడి తెలియదు. ఎక్కువగా వేస్తే చిన్న డబ్బాలో వానపాములకు తప్పుకునే చోటుండదు. 35 డిగ్రీలు దాటిన పరుపులో ఐసీనియా నిలవలేదు.

ఒక వేసవిలో మామిడికాయ పచ్చడి పెట్టిన రోజున, పక్కింటివారు ఇచ్చిన పండ్ల తొక్కలు కూడా కలిపి దాదాపు రెండు కిలోలు డబ్బాలో వేశాను. మర్నాడు పొద్దున చేయి పెడితే లోపల గోరువెచ్చగా, అడుగుకు పోయేకొద్దీ ఇంకా వేడిగా తగిలింది. మూత లోపలివైపు వానపాములు జడ అల్లినట్టు పెనవేసుకుని వేలాడుతున్నాయి. కొన్ని అప్పటికే పాలిపోయి, ముత్యాలు గుచ్చిన దారంలా అక్కడక్కడ ఉబ్బి ఉన్నాయి. తొక్కలన్నీ తీసి, ఎండు కాగితం ముక్కలు కలిపి, డబ్బాను తడి గోనెపట్టాతో చుట్టి పెడితే సగానికి సగం మాత్రమే దక్కాయి. ఆనాటి నుంచి మాగబెట్టని మేత ఒక్క గుప్పెడు కూడా వేయలేదు.

పద్ధతి ఇది. తరిగిన తొక్కలను అంగుళం ముక్కలుగా కోసి, రంధ్రాలున్న చిన్న బుట్టలో, సమానంగా ఎండుటాకులు గాని చింపిన అట్టముక్కలు గాని కలిపి, పైన గుడ్డ కప్పి వదిలేయాలి. ఎండాకాలంలో 3 రోజులు, చలికాలంలో 5 రోజులు పడుతుంది. రోజుకొకసారి కలియబెట్టాలి. చేయి పెడితే చల్లగా ఉండి, ముక్క రంగు మారి వేళ్ల మధ్య నలిగిపోతూ, మట్టివాసన గాని, పండిన పండు వాసన గాని వస్తుంటే మేత సిద్ధమైంది. పుల్లని వాసన వస్తే తడి ఎక్కువైందన్నమాట, మరికొన్ని ఎండుటాకులు కలిపి ఇంకో రోజు ఆగాలి. బుట్ట నడిమి భాగం వెచ్చగా ఉన్నంతకాలం ఎంత తొందరగా ఉన్నా వేయకూడదు.

ఈ శ్రమ ఎందుకని మిక్సీలో వేసి ముద్ద చేసి పోసేవారున్నారు. చిన్నచిన్న ముక్కలైతే త్వరగా తింటాయన్నది నిజమే. అయితే ఆ ముద్ద పరుపు మీద పేస్టులా పరుచుకుని గాలి ఆడనివ్వదు, కింద పులుస్తుంది, చర్మంతో ఊపిరి పీల్చే జీవికి అది ఊపిరి బిగపట్టించడమే. మామూలు కంపోస్టు కుండకు పుల్లమజ్జిగ, బెల్లపునీళ్లు పోయమన్న సలహాను ఇక్కడికి తెచ్చేవారు ఇంకొందరు. వానపాములు లేని కుండలో అది పనిచేయవచ్చు గాని, ఈ డబ్బాలో మజ్జిగ చుక్క కూడా పడకూడదు. పులుపు తగ్గించాలని తమలపాకుల సున్నం కలపడం అంతకన్నా ప్రమాదం, అది వాటి చర్మాన్ని కాలుస్తుంది. గుడ్డు పెంకుల పొడే సరైన మందు.

పేడకూ ఇదే నియమం. పచ్చిపేడ వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. 15 నుంచి 20 రోజులు నీడలో ఆరబెట్టి, అప్పుడప్పుడు నీళ్లు చల్లుతూ తిరగేసిన పేడనే వాడాలి. పశువుకు ఈమధ్య నట్టల మందు (కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చేది) తాగించారేమో ఇచ్చేవారిని అడగడం మరవకూడదు. తాగించి ఉంటే ఆ పేడ తీసుకోకండి.

నాలుగో మెట్టు: వడ్డించడం

పావుకిలో వానపాములతో మొదలుపెట్టినవారు మొదటి నెలలో రోజుకు 50 గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు, మించి వేయకూడదు. ఒక మూల పరుపును రెండంగుళాలు తీసి, మేత వేసి, మళ్లీ పరుపు కప్పి, పైన తడి గోనెపట్టా పరవాలి. అలా కప్పితే చిన్న ఈగలు ముసరవు. తరువాతి సారి రెండో మూల, ఆపైన మూడోది, నాలుగోది. మొదటి మూలకు తిరిగి వచ్చేసరికి వానపాములు తమంతట తామే మేతను వెతుక్కుంటూ డబ్బా చుట్టూ తిరిగి ఉంటాయి. తెల్లని సన్నని దారప్పోగుల్లాంటి పురుగులు కనిపిస్తే పులుపు పెరిగిందని అర్థం, వారం రోజులు మేత ఆపి, పెంకుల పొడి చల్లి, ఎండు కాగితం కలపాలి.

మళ్లీ ఎప్పుడు వేయాలో తేదీ చూసి తేల్చుకోకండి. గోనెపట్టా ఎత్తి, కిందటిసారి వేసిన మూలను వేలితో కదిపి చూడండి. ముక్కల రూపం ఇంకా తెలుస్తుంటే కప్పేసి రెండు రోజులు ఆగండి. ముక్కలు కనిపించకుండా, వాటి చోట టీపొడి లాంటి నల్లని గుళికలు ఉండి, వాటి మధ్య ఎర్రని తోకలు వెలుతురుకు జారిపోతుంటే, అప్పుడు తరువాతి గుప్పెడు వేయండి.