కారు లోపలి ప్లాస్టిక్ మీద మచ్చలు: రుద్దే ముందు తడిపి చూడండి

"అన్నీ చేసి చూశానండీ, పోవట్లేదు" అంటారు. ఏం చేశారని అడిగితే షాంపూ, టూత్‌పేస్ట్, వంటసోడా, ఆఖరికి గిన్నెలు తోమే పీచు కూడా బయటికొస్తుంది. ఒకసారి తడిపి చూశారా అంటే మాత్రం నోరు మెదపరు.

బూటో బ్యాగో తగిలి పడిన మచ్చలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ కొన్ని ప్లాస్టిక్ మీద అంటుకున్నవి, కొన్ని ప్లాస్టిక్‌లోనే పడ్డవి. అంటుకున్నదాన్ని తీసెయ్యాలి, లోపల పడ్డదాన్ని సర్దాలి. ఈ తేడా చూసుకోకుండా రుద్దడం మొదలుపెడితే అంటుకున్న మరక కాస్తా పోయి, దాని స్థానంలో కొత్త గీతలు మిగులుతాయి. అవి అంత తేలిగ్గా పోవు.

ముందు చేయాల్సిన పరీక్ష

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు, ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, గుడ్డ కింద పడితే గరుకు కాగితంలా గీస్తుంది. తర్వాత వేలు తడిపి మచ్చ మీద రాయండి. తడి ఉండగా ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి చూడండి. ఆపైన గోరు అడ్డంగా పోనివ్వండి.

తడిపినా మచ్చ మారకుండా అలాగే ఉంటే, అది పైన అంటుకున్న సరుకు. తడిపితే మాయమై, ఆరగానే మళ్లీ తేలితే, అక్కడి పైపొర చెదిరిందని అర్థం. చెదిరిన చోట వెలుతురు అడ్డదిడ్డంగా చిమ్ముతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు ఆ సందుల్ని నింపగానే నలుపు తిరిగొస్తుంది. గోరు టక్కున తగులుకుంటే లోతు గీత.

ఈ రెండో ఫలితం ఒక్కోసారి నిలువునా మోసం చేస్తుంది. దాని సంగతి కింద వివరంగా చెప్తాను, ముందు తేలికైనది ముగిద్దాం.

నల్లటి చార, గోరుకు ఏమీ తగలదు, తడిపినా పోదు

బూటు అడుగు రబ్బరు. కిందకి దిగేటప్పుడు మడమ తగిలే చోట, వెనక సీట్లో పిల్లల కాళ్లు ఆనే చోట ఎక్కువ.

గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ. చాలావాటికి ఇంతే. మొండికేస్తే స్కూలు పిల్లల తెల్ల ఎరేజర్ తీసుకుని పొడి ప్లాస్టిక్ మీద ఒకే దిశలో తేలికగా లాగండి. ఎరేజర్ పొట్టు నల్లగా నులుముకుని దారాల్లా రాలుతుంటే పని జరుగుతున్నట్టే. పొట్టు తెల్లగానే రాలుతుంటే అక్కడ తీయడానికి ఏమీ లేదు, ఆపేయండి. అప్పటికీ మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి, మచ్చ మీద పోయకుండా గుడ్డకి అద్ది తుడవండి. ముందుగా కనపడని మూల మీద చూసుకోండి. రబ్బరులా మెత్తగా తగిలే పూత ఉన్న భాగాల మీదా, మెరిసే నల్ల ప్యానెళ్ల మీదా, స్క్రీన్ల మీదా ఆల్కహాల్ వద్దు. థిన్నర్, పెట్రోల్, గోళ్ల రంగు తీసే ద్రవం దేని మీదా వద్దు. ఆ ద్రవంలో తరచుగా ఉండే అసిటోన్ తగిలితే, కారు లోపల వాడే ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ కరిగిపోతుంది.

మేజిక్ స్పాంజ్ గురించి ఒక మాట. తెల్లగా, దూదిలా మెత్తగా ఉంటుంది కాబట్టి ఏమీ చేయదనుకుంటారు. అది మెలమైన్ నురగ. పనిచేసేదే చాలా సన్నటి గరుకు కాగితంలాగా. డోర్ ప్యాడ్ మీద, అంటే తలుపు లోపలి వైపు ప్లాస్టిక్ పలక మీద, తోలు ముడతల్లాంటి గరుకుదనం ఉంటుంది చూశారా, దాని కొసల్ని అరగదీస్తుంది. మరక పోతుంది, దాని చోట నున్నగా మెరిసే మచ్చ వస్తుంది. వాడి తీరాలంటే బాగా తడిపి, రెండు మూడు సార్లు, బరువు వేయకుండా.

తెల్లటి మచ్చ, తడిపితే పోతుంది, ఆరితే వస్తుంది, గోరుకు ఏమీ తగలదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే.

తెలిసినవాళ్ల కారు. డ్రైవర్ వైపు డోర్ ప్యాడ్ కింద, స్పీకర్ పక్కన, అరచేయంత బూడిద రంగు మచ్చ. చుట్టూ ప్లాస్టిక్ నిగనిగలాడే నలుపు. తడిపాను, మాయమైంది. ఆరింది, వచ్చింది. గోరు సాఫీగా జారిపోయింది. సన్నటి రాపిడి అని తేల్చేసి, వేడిగాలి ఊదే హీట్ గన్ తీశాను. వేడి పెట్టినా బూడిద రంగు కదల్లేదు. ఇంకొంచెం దగ్గరికి తెచ్చాను. గరుకంతా కరిగి, రూపాయి బిళ్లంత చోటు అద్దంలా అయిపోయింది.

ఒళ్లు మండి, కనీసం చుట్టుపక్కలైనా శుభ్రంగా కనపడాలని సబ్బునీళ్లతో ప్యాడ్ మొత్తం తుడవడం మొదలుపెట్టాను. గుడ్డ మట్టిరంగుకి తిరిగింది. రెండోసారి తుడిచేసరికి ఆ నిగనిగలాడే నలుపంతా దిగిపోయి, ప్యాడ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఆ మచ్చ రంగులోనే తేలింది. ఆ కారుకి కంపెనీ ఇచ్చిన రంగే ముదురు బూడిద. నలుపు అనుకున్నది రెండేళ్లుగా వారం వారం రాసిన డ్యాష్‌బోర్డ్ పాలిష్. రోజూ బూటు రాసుకునే చోట ఆ పాలిష్ ఊడిపోయి అసలు ప్లాస్టిక్ బయటపడింది, అంతే. నేను గంటసేపు బాగుచేసింది ఆ ప్యాడ్‌లో బాగున్న ఒకే ఒక్క చోటుని. ఆ మెరిసే బిళ్ల ఇప్పటికీ అలాగే ఉంది.

తడి పరీక్ష ఎందుకు మోసం చేసిందో తర్వాత అర్థమైంది. ఇలాంటి పాలిష్‌లలో చాలావాటిలో ఉండేది సిలికాన్ నూనె. అది గరుకు సందుల్లో నిండి, వెలుతురు చిమ్మకుండా చేసి ప్లాస్టిక్‌ని నల్లగా చూపిస్తుంది. నీళ్లు చేసేదీ అదే. నీళ్లు ఆరిపోతాయి, నూనె ఆరదు, తేడా అంతే. అందుకే ఊడిన చోట నీళ్లు రాస్తే చుట్టూ ఉన్న పాలిష్ రంగుతో కలిసిపోతుంది, ఆరగానే విడిపోతుంది. అచ్చం గీత చేసినట్టే.

దీన్ని పట్టుకోవడానికి కొందరు నీటి బొట్టు వేసి చూస్తారు. బొట్టు గుండ్రంగా నిలబడితే పాలిష్ ఉన్నట్టు, పరుచుకుంటే లేనట్టు అని. నమ్మకండి. లోపలి భాగాల్లో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కి నీళ్లంటే సహజంగానే పడదు, పాలిష్ లేకపోయినా బొట్టు నిలబడుతుంది.

పనికొచ్చేది ఇది. మచ్చకి జానెడు దూరంలో, బాగుందనుకున్న చోట, మాస్కింగ్ టేప్‌తో అగ్గిపెట్టెంత చతురస్రం కట్టండి. అందులో మాత్రమే సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్, తర్వాత తెల్ల గుడ్డ. ఇంకోసారి. టేప్ పీకేసి పది నిమిషాలు వదిలేయండి, తడి ఉండగా చూస్తే మళ్లీ మోసపోతారు. ఆరాక ఆ చతురస్రం రంగు మచ్చ రంగుతో కలిస్తే, మీకున్నది మచ్చ కాదు, చుట్టూ పాలిష్. చతురస్రం చుట్టుపక్కల రంగులోనే ఉండిపోయి, మచ్చ ఒక్కటే తెల్లగా ఉంటే అది నిజంగా రాపిడే. టేప్ కూడా లేకపోతే అదే ప్యాడ్‌లో ఎవరూ పాలిష్ రాయని చోటు వెతకండి. డోర్ జేబు లోపలి అడుగు, సీటు చాటున దాగే అంచు. అసలు రంగు అక్కడ దొరుకుతుంది.

పాలిష్ అని తేలితే మచ్చని ముట్టుకోవద్దు. ప్యాడ్ మొత్తాన్ని ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా కడగండి. మధ్యలో ఆపితే దేశపటం గీసినట్టు అవుతుంది. ఇంటీరియర్ క్లీనర్ ఉంటే సీసా మీద చెప్పినంత నీళ్లు కలిపి వాడండి, లేకపోతే షాంపూ నీళ్లే. బ్రష్‌తో గరుకు సందుల్లోకి పోనిచ్చి, ఆరిపోకముందే తుడిచేయాలి. గుడ్డ మడత మారుస్తూ ఉండండి, లేదంటే ఇక్కడ తీసిన నూనె అక్కడ పూస్తారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే. ఏళ్ల తరబడి రాసినదైతే మూడు విడతలు పట్టొచ్చు. కిటికీ బటన్ల వైపు, స్పీకర్ వైపు నీళ్లు కారనివ్వకండి.

రబ్బరు చార ఎంతకీ పోని కేసుల్లో కూడా కొన్నిటికి కారణం ఇదే. బూటు రబ్బరు ప్లాస్టిక్‌కి కాకుండా పాలిష్ పొరలో కూరుకుపోయి ఉంటుంది. ఎరేజర్ ఆ జిడ్డు మీద జారుతుంది తప్ప పట్టదు. పొర దిగితే చార కూడా దానితోనే దిగుతుంది.

"మరి పాలిష్ రాస్తే మచ్చ పోతోంది కదా" అని అడుగుతారు. పోతుంది, ఊడిన చోట మళ్లీ రాశారు కాబట్టి. బూటు మళ్లీ తగులుతుంది, మళ్లీ వస్తుంది. ప్యాడ్ నల్లగానే కావాలంటే ముందు మొత్తం దింపేసి, నీళ్ల ఆధారంగా చేసిన, మెరవని డ్రెస్సింగ్‌ని, అంటే ప్లాస్టిక్ మీద రాసే పూతని, స్పాంజికి అద్ది పల్చగా ఒక చేయి వేసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. కాలు తగిలే కింది భాగాన్ని వదిలేస్తే ఇంకా మంచిది. స్టీరింగ్‌కి, పెడళ్లకి, గడప మీద ఏదీ రాయొద్దు. జారుతాయి.

నిజంగా రాపిడే అయితే

పాలిష్ దింపాక కూడా మచ్చ మిగిలితే అప్పుడు వేడి. వేడి ఏం చేస్తుందంటే, రాపిడికి లేచిన సన్నటి పోగుల్ని మెత్తబరిచి వెనక్కి పడుకోబెడుతుంది. పోయిన ప్లాస్టిక్‌ని తిరిగి తేదు.

ఎయిర్‌బ్యాగ్ అనో ఎస్ఆర్‌ఎస్ అనో అచ్చు పడిన ఏ భాగం దగ్గరకీ వేడి తీసుకెళ్లకండి. స్టీరింగ్ మధ్య, డ్యాష్‌బోర్డ్ ఎడమ కుడి వైపులు, కిటికీల మధ్య స్తంభాల పైకవర్లు, సీటు పక్కలు. ఇందులో బేరం లేదు.

ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ప్రయత్నించండి. వంగి తెల్లబారిన చోట్లకి, అంటే క్లిప్ పీకేటప్పుడు మడత పడ్డ అంచులకి, చాలాసార్లు అదే సరిపోతుంది. చాలకపోతే హీట్ గన్, అతి తక్కువ సెట్టింగ్, జానెడు దూరం, చేయి ఆగకుండా కదులుతూ ఉండాలి. రెండు మూడు సెకన్లు, ఆపి చల్లారనివ్వండి, చూడండి, మళ్లీ. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఏబీఎస్ 100 దాటగానే మెత్తబడుతుంది. హీట్ గన్ పెద్ద సెట్టింగ్ 500 దాటగలదు. అంటే పొరపాటుకి మిగిలే సమయం ఎంతో మీరే ఊహించుకోండి. తెలుపు నలుపులోకి తిరిగిన క్షణమే ఆపాలి. ఇంకాస్త బాగుంటుందేమో అనిపిస్తే కచ్చితంగా ఆపాలి. పక్కన గుడ్డ, తోలు ఉంటే తడిగుడ్డ కప్పండి. మెత్తటి పూత, పెయింట్ వేసిన భాగాలకి ఈ పద్ధతి అసలు పనికిరాదు.

గోరు దిగేంత లోతు గీతకి వేడి పెట్టి ప్రయోజనం లేదు. గడప ప్లాస్టిక్, డిక్కీ పక్క ముక్కల్లాంటివి క్లిప్పుల మీద ఊడొస్తాయి, విడి ముక్క మార్చుకోవడం తేలిక. లేదా దానితో బతకడం అలవాటు చేసుకోండి. నింపి, రుద్ది, రంగేసిన గీత కంటే వదిలేసిన గీతే నయంగా కనిపిస్తుంది.

మెరిసే నల్ల ప్యానెల్ మీద సాలెగూడు గీతలు

గేర్ చుట్టూ, స్క్రీన్ చుట్టూ ఉండేది. పొడిగుడ్డతో దుమ్ము తుడవడమే కారణం, వెతకక్కర్లేదు. ప్లాస్టిక్ పాలిష్, అంటే పూసేది కాదు, సన్నగా అరగదీసేది, కొత్త మైక్రోఫైబర్ మీద బఠాణీ గింజంత వేసి తేలికగా తిప్పండి. సన్నవి పోతాయి. ఇకమీదట ముందు దులిపి, తర్వాత తడిగుడ్డ.

అరుదుగా వచ్చేవి

చేయి పెడితే జిగురులా అంటుకుంటే అది మరక కాదు, మెత్తటి పూతే చెడిపోతోంది. తుడిస్తే ఇంకా రేగుతుంది. పూత మొత్తం తీసేయడమో, ముక్క మార్చడమో.

చేతి ఆకారంలో తెల్లటి మచ్చలు డోర్ హ్యాండిల్ దగ్గర ఉంటే సన్‌స్క్రీన్ అనుకోండి. సబ్బునీళ్లతో వెంటనే తుడిస్తే పోవచ్చు. దోమల మందులో డీట్ ఉంటే అది కొన్ని ప్లాస్టిక్‌లనీ, పూతల్నీ తినేస్తుంది. ఉబ్బిన చోటు తిరిగి రాదు.

జీన్స్ నీలం కన్సోల్ పక్కకి అంటితే సబ్బునీళ్లు, తర్వాత పైన చెప్పిన ఆల్కహాల్. ఎండకి వెలిసిన డ్యాష్‌బోర్డ్ పైభాగం ఈ లెక్కలోకే రాదు, అక్కడ ఎంత రుద్దినా రంగు వెనక్కి రాదు.