అరటికాయ చిప్స్ మెత్తబడుతున్నాయా? నూనెను తిట్టే ముందు కాయను చూడండి

చిప్స్ చెడితే అందరం ముందు నూనె మీద పడతాం. నేనూ అంతే. ఒక పండక్కి మూడు రకాల నూనెలు మార్చాను, మూడుసార్లూ చిప్స్ ఎర్రగా, మెత్తగా వచ్చాయి. తర్వాత తెలిసింది, తేడా కాయలో ఉంది, కాయలోని తడిలో ఉంది.

పైన ఎర్రగా, లోపల మెత్తగా

కాయ దోరగా మారిందన్నమాట. పచ్చికాయలో ఉండే పిండి, పండే కొద్దీ చక్కెర అవుతుంది. చక్కెర నూనెలో తొందరగా ఎరుపెక్కుతుంది. మాడిపోతోందని గాభరాగా తీసేస్తాం, లోపల తడి అలాగే ఉండిపోతుంది. మంట తగ్గిస్తే నయమవుతుందనుకోవద్దు, ఇంకా నూనె పీలుస్తుంది.

కొనేటప్పుడే చూసుకోండి. తొక్క మీద గోటితో గిల్లితే జిగురు టక్కున ఊరాలి. గోరు కష్టంగా దిగాలి, తొక్కలో పసుపు ఛాయ ఉండకూడదు. కేరళవాళ్ళు నేంద్రం అనే అరటి రకం వాడతారు. దాని గుజ్జు గట్టిగా, తడి తక్కువగా ఉంటుంది. మన బొంత అరటితో కూడా మంచి చిప్స్ వస్తాయి, కానీ ఆ పసుపు రంగు, ఆ రుచి రావు. హాట్ చిప్స్ కొట్లోలాగా రాలేదని బాధపడక్కర్లేదు, కాయే వేరు.

దోరకాయలు ఇప్పటికే కొనేశారా? కూర వండుకోండి.

ముక్కలు నల్లబడుతున్నాయి

కోసిన ముక్కకు గాలి తగిలి నల్లబడుతుంది, జిగురు మరకా తోడవుతుంది. చేతికి, కత్తికి నూనె రాసుకుని తొక్క తీయండి. ఒలిచిన కాయల్ని పసుపు, ఉప్పు కలిపిన నీళ్ళలో వేసి ఉంచండి. పది నిమిషాలు చాలు. తీశాక గుడ్డతో శుభ్రంగా తుడవాలి. తడి కాయను నూనెలోకి గీస్తే నూనె చిటపటలాడి మీదకు చిందుతుంది.

అంటుకుపోతున్నాయి, నూనె పీలుస్తున్నాయి

ఒకేసారి ఎక్కువ వేశారు. నూనె చల్లబడి ముక్కలు అందులో నానుతున్నాయి. సుమారు 170-180 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక ముక్క వేసి చూడండి, బుడగలతో వెంటనే పైకి తేలాలి. ముక్కల్ని గీసి కుప్పగా పోయకండి. స్లైసర్ పట్టుకుని నేరుగా నూనెలోకే గీస్తే విడివిడిగా పడతాయి. చెయ్యి మాత్రం కాస్త ఎత్తులో ఉంచండి.

మర్నాటికే మెత్తబడ్డాయి

ఎక్కువమంది చేసే తప్పు ఇదే. రంగు చూసి తీస్తారు. రంగు కాదు, చప్పుడు వినాలి. మొదట్లో నూనె గోలగోలగా బుసకొడుతుంది, అది ముక్కల్లోంచి పోయే నీటి ఆవిరి. బుడగలు సన్నబడి, చిల్లుల గరిటెతో కదిపితే ముక్కలు గలగలమంటే తీసేయొచ్చు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిగా మూత పెడితే డబ్బా లోపల చెమట పడుతుంది, చిప్స్ మెత్తబడతాయి.

మెత్తబడినవాటిని పారేయకండి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెట్టి, చల్లారనివ్వండి.

ఉప్పు సంగతి. కేరళ కొట్లలో ఉప్పునీళ్ళు వేడి నూనెలో చిలకరిస్తారు, ఉప్పు ముక్కలకు సమంగా పడుతుంది. అలవాటు లేనివాళ్ళు ఆ పని చేయొద్దు. తీసిన వెంటనే వేడి మీదే మెత్తటి ఉప్పు చల్లితే సరిపోతుంది.

కర్రపెండలం చిప్స్ రాళ్ళలా గట్టిగా

ముక్క మందం, లేదా దుంప ముదిరి నార పట్టింది. పలుచగా కోసి, నీళ్ళు తెల్లగా రావడం ఆగేదాకా కడగండి. మరిగే నీళ్ళలో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి, గుడ్డ మీద తడి ఆరనిచ్చి, అప్పుడు వేయించండి. లోపల నీలం, నలుపు గీతలు కనిపిస్తే దుంప పాతది. కర్రపెండలం తవ్విన రెండు మూడు రోజులకే చెడిపోవడం మొదలుపెడుతుంది, అందుకే తెచ్చిన రోజే చేయాలి.

పై తొక్కతో పాటు లోపలి మందపాటి పొర కూడా తీసేయండి, కర్రపెండలంలో సహజంగా ఉండే, సైనైడ్‌ను విడుదల చేసే విషపదార్థం అక్కడే ఎక్కువ. పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లుల కోసం పండించే దుంప తెచ్చుకుంటే అది తినే రకమో కాదో రైతునే అడగండి, కొన్ని రకాలు చేదుగా ఉంటాయి. చేదు తగిలితే వేయిస్తే పోతుందిలే అనుకోకండి, పారేయండి. పశువులకూ వేయకండి, వాటికీ ప్రమాదమే.