నార్త్ కరోలినాలో స్కీయింగ్‌కి వెళ్తున్నారా?

షార్లెట్, అట్లాంటాల నుంచి పిల్లల్ని తీసుకుని బీచ్ మౌంటెన్‌కో, షుగర్ మౌంటెన్‌కో బయల్దేరేవాళ్లకి ఒక మాట. కొలరాడో మంచుకొండల ఫొటోలు మనసులో పెట్టుకుని వెళ్లకండి. బీచ్ మౌంటెన్ ఎత్తు 5,506 అడుగులు, తూర్పు అమెరికా స్కీ కొండల్లో అదే ఎత్తైనది. అయినా అక్కడి మంచు చాలావరకు చలి బాగా పడ్డాక మెషిన్లు చిమ్మేదే. చుట్టూ ఎండుగడ్డి, మోడు చెట్లు. మధ్యలో తెల్లటి పట్టీ పరిచినట్టు స్లోప్. పొద్దున అద్దంలా గట్టిగా ఉండేది, ఎండెక్కేసరికి తురిమిన ఐస్‌లా ముద్దవుతుంది.

జీన్స్ మాత్రం వద్దు. మొదటిసారి నేను అవే వేసుకెళ్లాను. నాలుగుసార్లు పడేసరికి మోకాళ్ల దాకా తడిసి, బిగుసుకుపోయాయి. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, ఒక జత అదనపు గ్లోవ్స్ తప్పనిసరి.

శనివారం అయితే బూట్ల అద్దె క్యూలోనే సగం ఓపిక అయిపోతుంది. వీలైతే మామూలు రోజు సెలవు పెట్టండి. మొదటిసారైతే లెసన్ తీసుకోండి, యూట్యూబ్ చూసి వచ్చాం కదా అనుకోవద్దు. కార్లో పులిహోర డబ్బా ఉంటే ఇంకేం కావాలి!